మయోగ్లోబిన్ కదలికను చెవితో పట్టడం: ఫోటోఅకౌస్టిక్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ మయోగ్లోబిన్. గుర్రం గుండె కండరం నుంచి తీసిన ఆ పొడిని ఈ రోజు తూచి బఫర్‌లో, అంటే ఆమ్లత్వం మారకుండా నిలిపే ద్రావణంలో, కరిగించాను. ముదురు గోధుమ రంగు. ఎలక్ట్రాన్లు ఇచ్చే క్షయకరణి డైథయోనైట్ చిటికెడు పడగానే ఊదా కలిసిన మసక ఎరుపులోకి మారింది. ఫ్యూమ్ హుడ్‌లో పెట్టి, నురగ రాకుండా ద్రావణం పైపైన కార్బన్ మోనాక్సైడ్ పంపితే నిమిషాల్లో చెర్రీ పండు ఎరుపు. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెద్ద శిఖరం 409 నానోమీటర్ల నుంచి 434కి, అక్కణ్ణించి 423కి జరిగింది. కన్ను చెప్పినదాన్నే యంత్రమూ చెప్పింది.

ఈ ప్రొటీన్‌నే ఎందుకు తీసుకున్నానో రాసిపెట్టుకోవాలి. ఎక్స్‌రేలతో ఆకారం తెలిసిన మొట్టమొదటి ప్రొటీన్ మయోగ్లోబిన్. 1958లో కెండ్రూ బృందం తిమింగలం మయోగ్లోబిన్ నిర్మాణాన్ని బయటపెట్టింది, 1962లో ఆయనకు పెరూట్జ్‌తో కలిపి నోబెల్ వచ్చింది. ఆ నిర్మాణంలో నన్ను పట్టుకున్న విషయం ఒక్కటే. లోపల హీమ్ (ఇనుము ఉన్న రంగు భాగం) దగ్గర కూర్చున్న వాయువు అణువు బయటికి రావడానికి తెరిచి ఉన్న దారి ఎక్కడా కనబడదు. అయినా వాయువు లోపలికి పోతుంది, బయటికి వస్తుంది. అంటే ప్రొటీన్ ఎక్కడో ఒక చోట కదిలి, దారి ఇచ్చి, మళ్ళీ మూసుకుంటోంది. ఆ కదలికకు ఎంత సేపు పడుతుంది, దాంతో అణువు ఎంత ఉబ్బుతుంది, ఎంత కుంచించుకుంటుంది? నేను కొలవాల్సింది ఇదే.

పద్ధతి వినడానికి సులువు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ పల్స్ ఒకటి పడితే ఇనుముకీ కార్బన్ మోనాక్సైడ్‌కీ మధ్య బంధం తెగుతుంది. బంధం తెంచగా మిగిలిన శక్తి వేడిగా నీళ్ళలోకి దిగుతుంది. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పీడన తరంగమై నాలుగు వైపులా పాకుతుంది, క్యువెట్ (ద్రావణం పోసే చిన్న గాజు పాత్ర) గోడకు అంటించిన పీజో సెన్సర్, అంటే ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చేది, దాన్ని వింటుంది. వెలుగు ధ్వనిగా మారుతుందని గ్రాహంబెల్ 1880లోనే గమనించాడు. మనకు పనికొచ్చేది అందులోని ఇంకో సంగతి. ప్రొటీన్ అణువు తన ఆకారం మార్చుకుని ఉబ్బినా, కుంచించుకున్నా ఆ మార్పు కూడా అదే తరంగంలో కలిసిపోతుంది. వేడి వల్ల ఎంత, ఆకారం వల్ల ఎంత అన్నది విడదీయగలిగితే పని అయినట్టే. విడదీయలేకపోతే చేతిలో ఉన్నది ఒక అల మాత్రమే.

4వ రోజు

బల్ల మీద అమరిక పూర్తయింది. లేజర్, ఎనర్జీ తగ్గించే ఫిల్టర్లు, అర మిల్లీమీటరు రంధ్రం, క్యువెట్, పక్క గోడకు సిలికాన్ గ్రీజుతో అంటించిన ఒక మెగాహెర్ట్జ్ పీజో సెన్సర్, యాంప్లిఫైయర్, ఆసిలోస్కోప్. నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1480 మీటర్లు పోతుంది కాబట్టి అర మిల్లీమీటరు కిరణాన్ని దాటడానికి 340 నానోసెకన్లు పడుతుంది. ఇంతకంటే బాగా వేగంగా జరిగినదంతా ఒక్క దెబ్బలా వినబడుతుంది. లెక్కకట్టి పోల్చుకుంటే కొన్ని పదుల నానోసెకన్ల నుంచి పది మైక్రోసెకన్ల దాకా ఉన్న మార్పులను ఈ సెన్సర్‌తో విడమరచవచ్చు. ఆపైన నెమ్మదిగా జరిగే వాటికి వేరే పద్ధతి కావాలి. అది తర్వాత.

గ్రీజు పొర గురించి ఒక మాట. క్యువెట్ తీసి మళ్ళీ పెడితే సిగ్నల్ ఎత్తు మారిపోతోంది. పొర మందంలో వెంట్రుకవాసి తేడా చాలు. అందుకే ఇక నుంచి క్యువెట్‌ను అసలు కదపను. సన్న గొట్టంతో ద్రావణాన్ని లాగేసి, కడిగి, కొత్తది పోస్తాను. చెయ్యి తగలకూడదు.

7వ రోజు

పోలికకు ఒక ‘రెఫరెన్స్’ ద్రావణం కావాలి. పడిన వెలుగునంతా వెంటనే వేడిగా వదిలేసి, ఆకారంలో ఏ మార్పూ లేనిదై ఉండాలి. దాని తరంగం పక్కన మన ప్రొటీన్ తరంగాన్ని పెడితే తేడా ఎంతో తెలుస్తుంది. చాలామంది వాడే బ్రిలియంట్ బ్లాక్ అనే రంగుతో మొదలుపెట్టాను. బఫర్ రెండిట్లోనూ ఒక్కటే ఉండాలి కదా అని రంగులోనూ అంతే డైథయోనైట్ వేశాను.

లేజర్ తలుపు తెరిచి సగటు తీస్తుంటే తెర మీద అల పల్స్ పల్స్‌కీ కిందికి జారుతోంది. మొదట లేజర్ బలహీనపడుతోందనుకుని ఎనర్జీ మీటర్ పెట్టి చూశాను, అది నిలకడగానే ఉంది. క్యువెట్‌లోకి తొంగి చూస్తే సంగతి అర్థమైంది. నీలి నలుపులో ఉండాల్సిన ద్రావణం వెలిసిపోయి నీళ్ళలా ఉంది. అది అజో రంగు. డైథయోనైట్ దాని నైట్రోజన్ల మధ్య బంధాన్ని తెంపేస్తుంది. రసాయన శాస్త్రం చదివినవాళ్ళకి ఇది తెలిసిన విషయమే, నాకూ తెలుసు. సీసా పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

8వ రోజు

రాత్రంతా ఆలోచిస్తే ఒక దారి తోచింది. కార్బన్ మోనాక్సైడ్ లేని మయోగ్లోబిన్‌నే రెఫరెన్స్‌గా పెడితే? దానికి తెగాల్సిన బంధం లేదు. పీల్చుకున్న వెలుగును హీమ్ పికోసెకన్లలో వేడిగా వదిలేస్తుంది. అదే ప్రొటీన్, అదే బఫర్, అదే డైథయోనైట్. తేడా ఒక్క కార్బన్ మోనాక్సైడే. 532 దగ్గర దాని శోషణం కాస్త తక్కువ కాబట్టి ద్రావణం ఇంకొంచెం చిక్కగా కలిపి, రెండిటి శోషణాన్నీ 0.3 దగ్గర నూటికి ఒక వంతు తేడా కూడా లేకుండా సరిచేశాను. ఇంతకు మించిన తోడు నాకు దొరకదు.

11వ రోజు

ఈ రోజు నేర్చుకున్నది గట్టిగా రాసిపెట్టుకుంటున్నాను, ఇక్కడ తప్పితే ఆ తర్వాతి లెక్కంతా తప్పే.

లేజర్ ఎనర్జీ పెంచుతూ పోతే సిగ్నల్ కూడా గీత గీసినట్టు పెరగాలి. రెఫరెన్స్‌కి పెరిగింది. మయోగ్లోబిన్‌కి మాత్రం గీత సగం దూరం పోయాక ఒక పక్కకి వంగింది. మేడమ్‌కి చూపిస్తే ఆవిడ గ్రాఫ్ కూడా పూర్తిగా చూడకుండా, “ఫోటాన్లు ఎన్ని, అణువులు ఎన్ని, లెక్కపెట్టావా?” అన్నారు.

కూర్చుని లెక్కపెట్టాను. కిరణం దారిలో ఉన్న ద్రావణం దాదాపు 2 మైక్రోలీటర్లు. 25 మైక్రోమోలార్ గాఢత దగ్గర అందులో ఉన్న ప్రొటీన్ అణువులు సుమారు 30 లక్షల కోట్లు. నేను పంపుతున్నది 50 మైక్రోజౌళ్ళు. అందులో సగం శోషణమైతే 67 లక్షల కోట్ల ఫోటాన్లు. ఒక్కో అణువు మీద రెండేసి పడుతున్నాయి! మొదటి ఫోటాన్ బంధం తెంపుతుంది. రెండోది వచ్చేసరికి తెగడానికి బంధం లేదు, ఉత్త వేడే. ఆ ఉత్త వేడి ఆకారం మార్పు మీద ముసుగు కప్పుతుంది.

ఎనర్జీని 4 మైక్రోజౌళ్ళకి దించేశాను. ఇప్పుడు ఆరు అణువుల్లో ఒకటి చొప్పున మాత్రమే తగులుతోంది, గీత వంగకుండా తిన్నగా వచ్చింది. దీనికి చెల్లించుకున్న మూల్యం సిగ్నల్. ఇంత తక్కువ వెలుగులో నీరు వేడెక్కేది డిగ్రీలో నాలుగు వేల వంతు. కదిలించిన అణువు మళ్ళీ సర్దుకోవడాన్ని (రిలాక్సేషన్) చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ పల్స్‌తో నీళ్ళను పది డిగ్రీలు ఎగరేసే ‘టెంపరేచర్ జంప్’ పద్ధతితో పోలిస్తే ఇది గుసగుస. ఒక్కో కొలతకు వంద పల్స్‌ల సగటు తీయాలి, పల్స్‌కీ పల్స్‌కీ మధ్య ఒక సెకను వదలాలి. మంచిదే. గుసగుసగా అడిగితేనే ప్రొటీన్ తన సహజమైన జవాబు చెబుతుంది.

16వ రోజు

తరంగాన్ని విడగొట్టే ప్రోగ్రాం రాశాను. రెఫరెన్స్ తరంగాన్ని తీసుకుని, దాని మీద ‘వెంటనే ఒక అంగ, కొంతసేపటికి ఇంకో అంగ’ అనే నమూనాను పరిచి, వచ్చినది మయోగ్లోబిన్ తరంగంతో కలిసేదాకా విలువలు సర్దుతుంది. మొదటిసారే రెండు అంగలు వచ్చాయి, రెండోది 60 నానోసెకన్లు. సంతోషించి, ఆ సంతోషంలోనే ప్రోగ్రాంకి రెఫరెన్స్ పక్కన రెఫరెన్స్‌నే ఇచ్చి చూశాను. అందులోనూ రెండు అంగలు! గుండె గుభేల్మంది. ఏ మార్పూ లేని ద్రావణంలో మార్పు చూపించే ప్రోగ్రాం మాట ఎవరు నమ్ముతారు?

ముందు ట్రిగ్గర్ మీద అనుమానం పోయింది. లేజర్ ఇచ్చే సంకేతానికి బదులు ఒక ఫోటోడయోడ్ పెట్టి, వెలుగు తగిలిన క్షణం నుంచే ఆసిలోస్కోప్ లెక్క మొదలుపెట్టేలా మార్చాను. కాస్త మెరుగుపడింది, పోలేదు.

17వ రోజు

దొరికింది. కొత్త ద్రావణం పోసిన వెంటనే కొలుస్తున్నాను. అది ఇంకా క్యువెట్ ఉష్ణోగ్రతకి రాలేదు. నీటిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర, డిగ్రీకి సెకనుకు 3 మీటర్ల చొప్పున మారుతుంది. కిరణం నుంచి సెన్సర్ దాకా 5 మిల్లీమీటర్ల దారిలో ఒక్క డిగ్రీ తేడా ఉంటే తరంగం 7 నానోసెకన్లు ముందో వెనకో వస్తుంది. మెగాహెర్ట్జ్ అలలో 7 నానోసెకన్ల జరుగుడును ప్రోగ్రాం ‘వేగంగా జరిగిన ఇంకో మార్పు’ అని చదివింది. దానిది తప్పు కాదు, మనం చేతికిచ్చినదాన్నే చదివింది.

ఇప్పటి నుంచి నియమం: పోశాక థర్మామీటర్ పదో వంతు డిగ్రీ లోపల నిలబడేదాకా ఆగాలి. ప్రతి రోజూ మొదటి పని రెఫరెన్స్‌తో రెఫరెన్స్‌ను పోల్చి, ‘ఏమీ లేదు’ అనే జవాబు తెచ్చుకోవడం. ఆ జవాబు వచ్చాకే ప్రొటీన్ జోలికి పోవాలి.

20వ రోజు

20 డిగ్రీల దగ్గర మొదటి నమ్మదగ్గ కొలత. మయోగ్లోబిన్ తరంగాన్ని రెఫరెన్స్ తరంగంతో పోల్చిన మొత్తం విలువ 1 దాటింది. అంటే మేం ఇచ్చిన వెలుగు శక్తి కంటే ఎక్కువ ‘వేడి’ బయటికి వచ్చినట్టు! ల్యాబ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు చూసి, “అక్కా, ఇది శక్తి నిత్యత్వానికే విరుద్ధం కదా?” అన్నాడు. విరుద్ధం కాదు. ఇదే ఆకారం మార్పు పలికే తీరు.

వాడికి కాగితం మీద రాసి చూపించాను. కొలిచిన విలువలో రెండు ముక్కలున్నాయి. ఒకటి అసలు వేడి. రెండోది ఘనపరిమాణంలో మార్పు, దానికి ఒక గుణకం. ఆ గుణకం అంటే నీటి విశిష్టోష్ణాన్ని సాంద్రతతో హెచ్చవేసి, వ్యాకోచ గుణకంతో భాగిస్తే వచ్చేది. 20 డిగ్రీల దగ్గర అది మిల్లీలీటరుకి దాదాపు 20 కిలోజౌళ్ళు. మోల్‌కి ఒక్క మిల్లీలీటరు ఉబ్బినా 20 కిలోజౌళ్ళ వేడి వచ్చినట్టు వినబడుతుంది. 532 నానోమీటర్ల ఫోటాన్ల శక్తి మోల్‌కి 225 కిలోజౌళ్ళే కాబట్టి కొద్ది మిల్లీలీటర్ల ఉబ్బు చాలు, మొత్తం ఒకటి దాటడానికి. అదే 35 డిగ్రీల దగ్గరైతే గుణకం 12కి పడిపోతుంది, 10 డిగ్రీల దగ్గర 48కి లేస్తుంది. వేడి ముక్క అక్కడే ఉంటుంది, ఘనపరిమాణం ముక్క మాత్రం ఉష్ణోగ్రతతో పెరిగి తరుగుతుంది. రెండిటినీ విడదీసే కత్తి ఇదే. వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి గ్రాఫ్ గీస్తే, గీత వాలు ఘనపరిమాణం మార్పునిస్తుంది, అక్షాన్ని తాకే చోటు వేడినిస్తుంది.

24వ రోజు

ఈ ప్రాజెక్టులో నేను అన్నిటికంటే ఎక్కువ ఎదురుచూసిన రోజు.

చెరువు పైన గడ్డకట్టినా అడుగున చేపలు బతుకుతాయని బడిలో చదువుకున్న పాఠం ఇక్కడ పనికొస్తుంది. నీటి అసంగత వ్యాకోచం. 4 డిగ్రీల దగ్గర నీరు ఉబ్బదు, కుంచించుకోదు. అంటే అక్కడ వేడి వదిలినా తరంగం పుట్టదు. రెఫరెన్స్ మూగబోవాలి. అప్పుడు కూడా ప్రొటీన్ నుంచి ఏదైనా వినబడితే అది పూర్తిగా దాని ఆకారం మాటే.

క్యువెట్‌ను 4 డిగ్రీలకి దించాను. రెఫరెన్స్ ఆగలేదు. చిన్నదే, కానీ స్పష్టమైన అల. లేజర్ స్విచ్ నుంచి వచ్చే విద్యుత్ చప్పుడేమోనని కిరణానికి అడ్డం పెట్టి చూశాను, అల పోయింది. కాబట్టి అది నిజమైన ధ్వనే. ఎక్కడో తేడా కొట్టింది.

25వ రోజు

తేడా ఉప్పుది. 4 డిగ్రీలన్నది స్వచ్ఛమైన నీటి లెక్క. ఉప్పు కలిసేకొద్దీ ఆ మలుపు కిందికి జారుతుంది. సముద్రపు నీరైతే గడ్డకట్టే లోపు ఆ మలుపుకే చేరదు. నా బఫర్‌లో 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ ఉంది, దాని మీద డైథయోనైట్. అర డిగ్రీ చొప్పున దించుకుంటూ పోయాను. ఒక్కో మెట్టుకీ రెఫరెన్స్ అల చిన్నదవుతూ వచ్చింది. రెండున్నర డిగ్రీల దగ్గర తెర మీద చదునైన గీత. ఇంకో డిగ్రీ దించితే అల మళ్ళీ వచ్చింది, ఈసారి తలకిందులుగా. ఇప్పుడు వేడెక్కితే నీరు కుంచించుకుంటోంది కదా, అందుకే. ఆ తిరగబడ్డ అలను చూసి ఊపిరి పీల్చుకున్నాను. మలుపును రెండు వైపుల నుంచీ చూశాను, ఇక సందేహం లేదు.

మళ్ళీ రెండున్నరకి వచ్చి, రెఫరెన్స్ తీసి, కార్బన్ మోనాక్సైడ్ ఉన్న మయోగ్లోబిన్ పోశాను. ఉష్ణోగ్రత నిలబడేదాకా కూర్చున్నాను. లేజర్ తెరిచాను. ఇరవై పల్స్‌లకి గీతలో ఏదో కదలిక. వంద పల్స్‌లకి చక్కని అల. మొదట చిన్నగా కిందికి దిగింది, ఆ తర్వాత దానికంటే పెద్దగా పైకి లేచింది. మొదటిది కుంచించుకోవడం, రెండోది ఉబ్బడం. వేడి మాట ఏమాత్రం కలవని, అచ్చంగా అణువు కదలిక. చాలాసేపు ఆ తెర ముందు నుంచి లేవలేకపోయాను.

29వ రోజు

ఐదు డిగ్రీల నుంచి ముప్పై అయిదు దాకా కొలతలు. చల్లని కొలతల్లో క్యువెట్ అద్దం మీద మంచు పొగ పేరుకుంటోంది, వెలుగు చెదిరి సెన్సర్ మీద పడి సిగ్నల్ మొదట్లో ఒక ముల్లు లేస్తోంది. పెట్టెలోకి పొడి నైట్రోజన్ వదిలితే పోయింది. బఫర్ వ్యాకోచ గుణకం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో విడిగా కొలవాల్సి వచ్చింది. ఆ పనికి మొదట వెలిసిపోయిన బ్రిలియంట్ బ్లాకే అక్కరకొచ్చింది. ఈసారి డైథయోనైట్ లేకుండా, ఒకసారి శుద్ధమైన నీటిలో, ఒకసారి బఫర్‌లో.

33వ రోజు

గ్రాఫ్ తయారు. రెండు గీతలు, రెండూ తిన్నగా. వెంటనే జరిగే మార్పుకి వాలు కిందికి, అంటే కుంచించుకోవడం. నెమ్మదైన మార్పుకి వాలు పైకి, అంటే ఉబ్బడం. చలి కొలతలో కంటితో చూసినదే ఇక్కడ అంకెగా వచ్చింది. నెమ్మదైన అంగకి 20 డిగ్రీల దగ్గర 700 నానోసెకన్ల చుట్టూ పడుతోంది. 1990లో ఇదే గుర్రం మయోగ్లోబిన్ మీద ఇదే పద్ధతితో ప్రచురించిన విలువ కూడా 20 డిగ్రీల దగ్గర సుమారు 700 నానోసెకన్లే.

ఆ కాలంలో ఏం జరుగుతోందన్నది నాకు అసలైన ప్రశ్న. బంధం క్షణంలోనే తెగింది. తెగిన కార్బన్ మోనాక్సైడ్ ప్రొటీన్ లోపలే కొంతసేపు తిరుగుతుంది. హీమ్ అంచున ఉన్న ప్రొపియోనేట్ అనే రుణావేశపు కొమ్మకీ, ప్రొటీన్ గొలుసులో 45వ స్థానంలోని లైసిన్ అనే ధనావేశపు అమైనో ఆమ్లానికీ మధ్య ఒక ఉప్పు వంతెన, అంటే ఆవేశాల ఆకర్షణతో ఏర్పడిన పట్టు, ఉంది. అది వీడటం, వాయువు బయటి నీళ్ళలోకి దూకడం ఈ 700 నానోసెకన్లలోనే అని ఆ కొలతలకు చెప్పిన వివరణ. అడుగున చదును గీత నుంచి లేచిన ఆ అల, ఒక వాయువు అణువు ప్రొటీన్‌ను దాటి వెళ్ళిన చప్పుడన్నమాట.

41వ రోజు

ఇప్పుడు నెమ్మది వైపు. బయటికి పోయిన వాయువు తిరిగి రావడం మిల్లీసెకన్ల పని, పీజో సెన్సర్‌కి అందదు. దానికి కిరణం వంపు పద్ధతి పెట్టాను. ఆకుపచ్చ పల్స్ దారి పక్క నుంచే ఎర్రని హీలియం నియాన్ కిరణాన్ని పంపితే, వేడెక్కి ఉబ్బిన చోట వక్రీభవన గుణకం తగ్గి ఆ కిరణం కొద్దిగా వంగుతుంది. ఎండాకాలం రోడ్డు మీద నీళ్ళున్నట్టు కనబడే ఎండమావి సూత్రమే. స్థానాన్ని పసిగట్టే డిటెక్టర్ ఆ వంపును చదువుతుంది. నీటిలో వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి పదుల మిల్లీసెకన్ల దాకా వంపు నిలుస్తుంది.

గదిలో గాలి కదిలితే చాలు కిరణం ఊగుతోంది. మొత్తానికి అట్టపెట్టె కప్పేశాను. ఇంకో చిక్కు: కార్బన్ మోనాక్సైడ్ పోయిన మయోగ్లోబిన్ ఆ ఎర్రని వెలుగును కొంచెం ఎక్కువ పీల్చుకుంటుంది. కిరణం వంగకపోయినా మసకబారుతుంది. డిటెక్టర్ రెండు సగాల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఆ మసక కొట్టుకుపోతోంది.

46వ రోజు

వంపు తెర మీద నిలిచింది. మొదట ఒక్క ఊపున వంగి, ఆ తర్వాత కొంత వెనక్కి తిరిగి వస్తోంది. ఆ తిరుగు ప్రయాణానికి 2 మిల్లీసెకన్లు. ఒక వాతావరణ పీడనం దగ్గర నీటిలో కరిగే కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఒక మిల్లీమోలార్. మయోగ్లోబిన్ దాన్ని పట్టుకునే వేగం తెలిసిందే, రెండిటినీ హెచ్చవేసి, వచ్చినదానితో ఒకటిని భాగిస్తే సరిగ్గా ఆ రెండు మిల్లీసెకన్లే వస్తాయి.

48వ రోజు

చివరి పరీక్ష. వాయువులో సగం ఆర్గాన్ కలిపి, ద్రావణంలో కార్బన్ మోనాక్సైడ్‌ను సగానికి తగ్గించాను. బయట నుంచి వాయువు వచ్చి తగులుకునే ప్రక్రియ అయితే కాలం రెట్టింపు కావాలి. ప్రొటీన్ తనలో తాను చేసుకునే మార్పు అయితే బయట ఎంత వాయువున్నా దానికి పట్టదు.

ఉదయం వంపు కొలిచాను. తిరుగు ప్రయాణం 4 మిల్లీసెకన్లకి సాగింది. మధ్యాహ్నం అదే ద్రావణాన్ని పీజో క్యువెట్‌లోకి పోసి, 20 డిగ్రీల దగ్గర ఉష్ణోగ్రత నిలిచేదాకా ఆగి, ముందు రెఫరెన్స్‌తో రెఫరెన్స్‌ను పోల్చి ‘ఏమీ లేదు’ తెచ్చుకుని, అప్పుడు కొలిచాను. ఏడు వందల నానోసెకన్లు. కదల్లేదు.